బ్లాక్‌పూల్ వెళ్తున్నారా? టూర్‌కి కాదు, తిరనాళ్ళకి వెళ్ళినట్టు వెళ్ళండి

ఇంగ్లండ్‌లో, అందులోనూ మాంచెస్టర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో సముద్రం ఒడ్డున ఉన్న బ్లాక్‌పూల్ అనే ఊరు చూడనివాళ్ళు తక్కువ. చూసొచ్చి "ఆ, ఏముందక్కడ" అని పెదవి విరవనివాళ్ళు ఇంకా తక్కువ. ఎందుకంటే అందరూ వెళ్ళేది ఒకేలాగ. కార్లో పదకొండింటికి చేరతారు, పార్కింగ్ కోసం అరగంట తిరుగుతారు, టవర్ ముందు ఫొటో దిగుతారు, చిప్స్ తింటారు, గాలికి వణుకుతూ ఇసకలో పది నిమిషాలు నిలబడి నాలుగింటికల్లా వెనక్కి బయలుదేరతారు. అలా వెళ్తే నిజంగానే అక్కడ ఏమీ లేదు. మొదటిసారి నేనూ అలాగే వెళ్ళాను, అలాగే పెదవి విరిచాను.

రెండోసారి ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యని తీసుకెళ్ళా. ఆవిడ రోడ్డు మీద ఓ పావుగంట నడిచి, రంగులరాట్నం చూసి, పీచుమిఠాయి బండి చూసి, జోస్యం చెప్పేవాళ్ళ చిన్న గదులు చూసి, "ఇది మన తిరనాళ్ళే కదరా, కాకపోతే ఎవరూ సర్దుకుని వెళ్ళిపోలేదు" అంది. అప్పటినుంచి నాకు ఆ ఊరు వేరేలా కనబడటం మొదలైంది.

ఆవిడకి తెలియకపోయినా, చరిత్ర ప్రకారం కూడా అది కరెక్టే. బ్లాక్‌పూల్ ఉన్న ఈ లాంకషైర్ ప్రాంతంలో ప్రతి ఊరికీ తన చర్చి పేరు మీద ఏటా ఓ జాతర ఉండేది, దాన్ని వేక్స్ అనేవారు. నూలు మిల్లులు వచ్చాక ఆ జాతర రోజులే మిల్లు సెలవులయ్యాయి. ఊరు ఊరంతా ఒకే వారం మిల్లులు మూసేసి బాయిలర్లు బాగుచేసుకునేవాళ్ళు, కూలీలు ఏడాది పొడుగునా కూడబెట్టుకున్న డబ్బులతో రైలెక్కి ఇక్కడికి వచ్చేవాళ్ళు. ఓల్డమ్‌కి ఒక వారం, బర్న్‌లీకి ఇంకో వారం, అలా వంతులవారీగా. బ్లాక్‌పూల్‌కి రైలు వచ్చింది 1846లో. అంతకుముందు డబ్బున్నవాళ్ళు సముద్రస్నానాలకి వచ్చే చిన్న ఊరే అది. ఆ సెలవులకి జీతం ఉండేది కాదు, జీతంతో సెలవుల చట్టం 1938లో గానీ రాలేదు. మన మగ్గాలని మూలపెట్టించిన మిల్లుబట్ట నేసింది ఈ కూలీలే అనుకుంటే మనసు ఓ రకంగా అవుతుంది గానీ, 1931లో గాంధీగారు ఇక్కడికి దగ్గర్లోని డార్వెన్ వచ్చినప్పుడు ఆయన చుట్టూ చేరి కేకలేసి సంతోషంగా ఆహ్వానించింది కూడా మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళే. సరే, దారి తప్పాను, అసలు విషయానికి వస్తా.

ముందు రోజు ఎంచుకోండి

ఆగస్టులో స్కూలు సెలవుల శనివారాలు వద్దు. జనం, క్యూలు, హోటల్ రేట్లు, మూడూ కలిసి దాడి చేస్తాయి. రాత్రి ఒడ్డు పొడుగునా వెలిగించే దీపాలు చూడాలంటే ఇల్యూమినేషన్స్ సీజన్‌లో వెళ్ళాలి, అది ఆగస్టు చివరో సెప్టెంబర్ మొదట్లోనో మొదలవుతుంది. ఒకప్పుడు నవంబర్ మొదటి వారానికి అయిపోయేది, ఈమధ్య కొత్త సంవత్సరం దాకా పొడిగిస్తున్నారు. నన్నడిగితే సెప్టెంబర్ మధ్యలో ఓ మంగళవారమో బుధవారమో సెలవు పెట్టుకోండి. ఎండ పూర్తిగా పోయి ఉండదు, పిల్లలంతా స్కూళ్ళలో ఉంటారు, చీకటి ఎనిమిదింటికల్లా పడుతుంది. జూన్‌లో వెళ్తే పొద్దు చాలా పొడుగు, రాత్రి తొమ్మిదిన్నర దాటినా సూర్యుడు కుంకడు, కానీ దీపాలు ఉండవు. రెండూ ఒకేసారి దొరకవు.

మీ పిల్లలు బీచ్‌లో గాడిద ఎక్కాలని కలలు కంటుంటే శుక్రవారం వెళ్ళకండి. ఆ రోజు గాడిదలకి వారపు సెలవు! జోక్ కాదు, ఊరి కౌన్సిల్ రూలే అది. వాటికి మధ్యాహ్నం భోజన విరామం కూడా ఉంటుంది. మా ఆఫీసులో ఈ మాట చెబితే ఒకాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ఆటుపోట్ల టైమ్ చూడండి

ఎవరూ చెయ్యని పని ఇది, రోజంతా బాగుంటుందా లేదా అన్నది తేల్చేది కూడా ఇదే. మన తూర్పు తీరంలో పోటు వచ్చినా ఆటు వచ్చినా బీచ్ బీచ్‌లాగే ఉంటుంది, నీళ్ళు నాలుగడుగులు ముందుకో వెనక్కో జరుగుతాయి, అంతే. ఇక్కడ అలా కాదు. ఐరిష్ సముద్రంలో ఈ పక్క పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం 8 మీటర్లకి పైగా తేడా వస్తుంది. ఆటప్పుడు ఇసక ఎంత దూరం పోతుందంటే నీళ్ళ దాకా నడవడానికే ఓపిక కావాలి. పోటప్పుడు ఆ ఇసకంతా మాయమై అలలు నేరుగా ప్రామెనేడ్, అంటే ఒడ్డు వెంట నడిచే దారి, మెట్లకి కొడతాయి. మొదటిసారి మేం వెళ్ళింది సరిగ్గా నిండు పోటు టైమ్‌కి, బకెట్లు, పారలు పట్టుకుని "బీచ్ ఏదీ?" అని పిల్లలు అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు.

నెట్‌లో బ్లాక్‌పూల్ టైడ్ టైమ్స్ అని కొడితే ఆ రోజు రెండు పోట్లు, రెండు ఆట్లు ఎప్పుడో గంటా నిమిషాలతో వస్తుంది. పోటు నుంచి ఆటుకి సుమారు ఆరుగంటల పైచిలుకు పడుతుంది, రోజురోజుకీ ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మీరు చెయ్యాల్సిందల్లా ఆటు ఏ పూట పడిందో చూసుకుని ఆ పూట ఇసకకి, పోటు పడిన పూట పియర్లకి, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి స్తంభాల మీద కట్టిన చెక్క వంతెనలకి, కేటాయించుకోవడం. నీళ్ళు పూర్తిగా నిండినప్పుడే పియర్ మీద మజా. కాళ్ళకింద చెక్కల సందుల్లోంచి అలలు కనబడుతుంటాయి, పిల్లలైతే బోర్లా పడుకుని చూస్తారు.

ఒక జాగ్రత్త. ఆటు మీద ఇసకలో చాలా దూరం నడిచి వెళ్ళినప్పుడు నీళ్ళు ఎదురుగానే వస్తాయని లేదు, ఇసకలోని పల్లాల వెంట పక్కనుంచి వచ్చి మీ వెనక నిండుతాయి. పోటు తిరిగే టైమ్ తెలుసుకుని ముందే ఒడ్డుకి రండి. నీళ్ళలో దిగితే లైఫ్‌గార్డులు ఉన్నచోటే దిగండి. ఎవరైనా ఇరుక్కుంటే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి, పోలీసుల్ని కాదు.

రైల్లో వెళ్ళండి, కారు ఇంటి దగ్గర వదలండి

మాంచెస్టర్ నుంచి నేరుగా రైళ్ళున్నాయి, గంటంబావు అటూ ఇటూ. లండన్ నుంచైతే చాలావరకు ప్రెస్టన్‌లో మారాలి. టికెట్ కొనేటప్పుడు గమనించాల్సింది ఒకటే: ఊళ్ళో నార్త్, సౌత్ అని రెండు వేరువేరు స్టేషన్లున్నాయి, రెండూ వేరువేరు లైన్ల మీద ఉంటాయి. మీరు దిగాల్సింది నార్త్‌లో. అక్కడినుంచి సముద్రం పది నిమిషాల నడక. 2024 నుంచి ట్రామ్ కూడా స్టేషన్ దాకా వస్తోంది కాబట్టి పెద్దవాళ్ళుంటే ఇబ్బంది లేదు. కారే కావాలంటే ఎం55 మోటర్‌వే తిన్నగా ఊళ్ళోకి తెచ్చి వదులుతుంది, కాకపోతే దీపాల సీజన్లో రాత్రి తిరిగి బయటపడటానికి ఎంతసేపు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

బట్టల సంగతి. ఊరు పడమటి ముఖంగా ఉంది, గాలి ఎక్కువగా సముద్రం మీదనుంచే వస్తుంది. లోపల ఊళ్ళో ఎండ కాస్తున్నా ప్రామెనేడ్ మీద స్వెట్టర్ కావాలి. గొడుగు తెచ్చుకుని లాభం లేదు, రెండో నిమిషంలో తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు తెచ్చుకోండి.

ఉత్తరం నుంచి దక్షిణానికి నడవండి

స్టేషన్ నుంచి టాల్బట్ రోడ్డు పట్టుకుని కిందికి దిగితే ఎదురుగా నార్త్ పియర్. ఊళ్ళో మూడు పియర్లున్నాయి: నార్త్, సెంట్రల్, సౌత్. మూడూ ఒకటేలే అనుకుని ఒకటి చూసి వదిలేస్తారు చాలామంది, కానీ వాటి స్వభావాలు వేరు. 1863లో తెరిచిన నార్త్ పియర్ పాతది. యూజీనియస్ బర్చ్ అనే ఇంజనీరు ఇనప స్తంభాల మీద కట్టాడు. ఇది పెద్దమనుషుల కోసం, తీరిగ్గా నడుస్తూ గాలి పీల్చుకోవడానికి అన్నమాట. ఐదేళ్ళకి సెంట్రల్ పియర్ వచ్చింది, దాని మీద డాన్సులు, సందడి, మిల్లు జనమంతా అక్కడికే. దాన్ని జనం పియర్ అనేవారట. సౌత్ పియర్ 1893 నాటిది. ఇప్పటికీ ఆ తేడా పోలేదు. నార్త్ పియర్ మీద బెంచీలు, చివర ఓ థియేటర్, కొంత నిశ్శబ్దం. సెంట్రల్ మీద జెయింట్ వీల్. సౌత్ మీద కడుపులో తిప్పేసే రైడ్‌లు. పెద్దవాళ్ళు మీతో ఉంటే నార్త్ పియర్ చివరిదాకా నడిపించి అక్కడ కూర్చోబెట్టండి, అరగంట మిమ్మల్ని ఏమీ అడగరు.

పియర్ దిగి దక్షిణంగా నాలుగు నిమిషాలు నడిస్తే టవర్. దాని ఎదుట ప్రామెనేడ్ మీద నేలంతా రాళ్ళల్లో అక్షరాలు పొదిగి ఉంటాయి, కామెడీ కార్పెట్ అంటారు, 2011లో పెట్టారు. వెయ్యిమందికి పైగా బ్రిటిష్ హాస్యనటుల, రచయితల మాటలు అవి. చాలా జోకులు మనకి అర్థం కావు, పక్కనే నిలబడి చదువుతూ పడీపడీ నవ్వే ముసలాళ్ళని చూడటం మాత్రం బాగుంటుంది.

టవర్‌లో పైకంటే కింద ఎక్కువసేపు గడపండి

టవర్ అనగానే అందరూ లిఫ్ట్ ఎక్కి పైకి పోతారు. పోవచ్చు, 158 మీటర్ల టవర్, పైన గాజు నేల మీద నిలబడి కిందికి చూస్తే మోకాళ్ళు కొంచెం వదులవుతాయి, ఆకాశం తేటగా ఉంటే చాలా దూరం కనబడుతుంది. గాలి మరీ ఎక్కువైతే పైభాగం మూసేస్తారు, అందుకే ముందురోజు వాతావరణం చూసుకుని టికెట్ కొనండి. 1889లో ప్యారిస్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళి ఈఫిల్ టవర్ చూసొచ్చిన జాన్ బికర్‌స్టాఫ్ అనే ఇక్కడి మేయర్‌కి, మనకీ ఒకటి ఉండాలనిపించింది. 1894లో తెరిచేశారు. దాన్ని డిజైన్ చేసిన ఇద్దరు ఆర్కిటెక్టులూ అది పూర్తయ్యేలోపే పోయారు పాపం. 2023 డిసెంబర్లో ఓ రోజు టవర్ పైన మంటలు కనబడుతున్నాయని ఫైరింజన్లు పరిగెత్తుకొచ్చాయి, తీరాచూస్తే పనులకోసం కట్టిన ఆరెంజ్ రంగు వల గాలికి ఎగురుతోంది. అక్కడి గాలి ఎలాంటిదో ఇంతకంటే ఏం చెప్పను.

అసలు చూడాల్సింది దాని కాళ్ళ దగ్గర ఉంది, టవర్ బాల్‌రూమ్ అనే డాన్స్ హాలు. 1899లో ఫ్రాంక్ మ్యాచమ్ కట్టాడు. థియేటర్లు కట్టడంలో ఆ రోజుల్లో ఆయన్ని మించినవాళ్ళు లేరు, ఇదే ఊళ్ళో 1894 నాటి గ్రాండ్ థియేటర్ కూడా ఆయనదే. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే బంగారు పూత, బాల్కనీలు, పైకప్పు మీద బొమ్మలు, షాండ్లియర్లు, ఒక్కసారిగా రాజుగారి దర్బారులో పడ్డట్టుంటుంది. నేల చూడండి, మహాగని, ఓక్, వాల్‌నట్ చెక్క ముక్కలు 30 వేలకి పైగా కలిపి చేసింది. 1956లో నిప్పంటుకుని నేలంతా పోతే రెండేళ్ళు కష్టపడి మళ్ళీ అలాగే చేశారు. ఇదంతా కట్టింది కూలీల కోసం అన్నది గుర్తుపెట్టుకుని చూడండి. ఏడాదంతా మగ్గాల మోతలో పనిచేసినవాళ్ళు ఒక్క వారం ఇక్కడ జమీందార్లలా తిరిగేవాళ్ళు.

మధ్యాహ్నం వెళ్తే వర్లిట్జర్ ఆర్గన్ అనే పెద్ద వాద్యం వాయిస్తుంటారు. అది వేదిక లోపలినుంచి వాయించే మనిషితో సహా పైకి లేచి వస్తుంది. డెబ్భై దాటిన జంటలు, పాలిష్ చేసిన బూట్లతో, ఒక్క అడుగు తప్పకుండా వాల్ట్‌జ్ చేస్తుంటారు. మీరు డాన్స్ చెయ్యక్కర్లేదు, టీ తెచ్చుకుని పక్కన టేబుల్ దగ్గర కూర్చోండి చాలు. టవర్ పైకి, బాల్‌రూమ్‌కి టికెట్లు వేరు. ఒకటే కొనాలంటే నేను కళ్ళుమూసుకుని బాల్‌రూమ్ కొంటా. పిల్లలుంటే అదే బిల్డింగులో సర్కస్ ఉంది, టవర్ నాలుగు కాళ్ళ మధ్య. ఆట చివర్లో నేల కిందికి దిగిపోయి అక్కడంతా నీళ్ళు నిండుతాయి. 1894 నుంచీ ఉన్న సరంజామా అది, జంతువులతో ఆటలు ఇప్పుడు లేవు.

వాన పడితే వింటర్ గార్డెన్స్ వైపు వెళ్ళండి, సముద్రం నుంచి నాలుగు వీధులు లోపలికి. 1878 నాటిది. అందులోని ఎంప్రెస్ బాల్‌రూమ్‌లో 1920 నుంచి డాన్స్ ఫెస్టివల్ జరుగుతోంది, ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. టవర్ దగ్గరే షోటౌన్ అనే మ్యూజియం కూడా 2024లో తెరిచారు. ఈ ఊరి వినోదాల కథంతా అందులో ఉంది, పిల్లలు ముట్టుకుని ఆడుకునేలా పెట్టారు.

తినే ముందు ఒక ప్రశ్న అడగండి

శాకాహారులు, బీఫ్ తిననివాళ్ళు ఇది తప్పక చదవండి. ఉత్తర ఇంగ్లండ్‌లో చాలా చిప్స్ షాపుల్లో వేపేది నూనెలో కాదు, బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో. చిప్స్ అంటే బంగాళాదుంపే కదా అని నిశ్చింతగా తినేస్తాం. "వెజిటబుల్ ఆయిల్‌లో వేపుతారా?" అని అడగండి, మొహమాటం అక్కర్లేదు, వాళ్ళకి రోజూ వినే ప్రశ్నే. నూనెలో వేపే షాపులూ ఉన్నాయి. నూనె ఒకటే అయినా చేప వేపిన దాంట్లోనే చిప్స్ వేపుతారా అన్నది ఇంకో ప్రశ్న, పట్టింపు ఉన్నవాళ్ళు అదీ అడగాలి. రంగురంగుల జెల్లీ మిఠాయిల్లో కూడా చాలావాటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, ప్యాకెట్ వెనక చూడండి.

తినేవాళ్ళకైతే ఉప్పు, వెనిగర్ చల్లిన ఫిష్ అండ్ చిప్స్, పక్కన బఠాణీ ముద్దలాంటి మషీ పీస్. దాంట్లో కాస్త కారం పడితే ఎంత బాగుండేదో అనిపిస్తుంది, నేనైతే జేబులో చిన్న పొట్లం పెట్టుకుని వెళ్తా. బయట కూర్చుని తింటే గోడకి వీపు ఆనించి కూర్చోండి. అక్కడి సీగల్స్ కాకుల్లాంటివి కావు, కోతుల్లాంటివి. వెనకనుంచి వచ్చి చేతిలోంచే ఎత్తుకుపోతాయి. మా వాడి చేపముక్క సగం అలాగే పోయింది, వాడికంటే ఎక్కువ నేనే ఏడ్చా, దాని ఖరీదు నాకు తెలుసు కాబట్టి.

తిరనాళ్ళ పనులు: ఇక్కడ తొందరపడకండి

సెంట్రల్ పియర్ చుట్టుపక్కల మొదలుపెట్టండి. ఆటల మెషిన్లుండే ఆర్కేడ్‌లోకి వెళ్ళి ఓ 2 పౌండ్లు ఇచ్చి 2 పెన్స్ నాణేలు మార్చుకోండి, ప్లాస్టిక్ గ్లాసు నిండా వంద నాణేలొస్తాయి. గాజు వెనకాల నాణేల గుట్ట అంచున వేలాడుతూ ఇప్పుడో ఇంకాసేపటికో పడేలా ఉంటుంది, మీరు పైనుంచి నాణెం వేస్తే అది తోసుకుని కొన్ని కింద పడతాయి. పడ్డవి మళ్ళీ అందులోనే వేస్తారు, అది గ్యారంటీ. గెలవడం గురించి ఆలోచించకండి, 2 పౌండ్లకి నలుగురు మనుషులు ముప్పావుగంట అరుచుకుంటూ నవ్వుకోవడం ఈ దేశంలో ఇంకెక్కడా దొరకదు. చిన్న కిటుకు: నాణేల్ని తోసే పలక పూర్తిగా వెనక్కి వెళ్ళినప్పుడు వెయ్యండి, గుట్ట మీద కాకుండా ఖాళీలో చదునుగా పడాలి. పెద్ద పందేల మెషిన్ల జోలికి వెళ్ళొద్దు, అవి వేరే వ్యవహారం, పిల్లల్ని రానివ్వరు కూడా.

ఆ తర్వాత రాక్. గులాబీ రంగు పంచదార కర్ర, ఎక్కడ విరిచినా లోపల ఊరి పేరు అక్షరాలుగా కనబడుతుంది. అది ఎలా వస్తుందా అని నేను చాలాకాలం బుర్ర బద్దలుకొట్టుకున్నా. మన తిరనాళ్ళల్లో జీళ్ళు చేసేవాళ్ళు పాకాన్ని మేకుకి తగిలించి లాగిలాగి తెల్లబరుస్తారు చూశారా, అదే పద్ధతి. పంచదార, గ్లూకోజ్ పాకం కాచి, కొంత లాగి తెల్లగా చేస్తారు, కొంత రంగు కలుపుతారు. రంగు పాకంతో ఒక్కో అక్షరాన్ని జానెడు పొడుగు కడ్డీలా పేర్చి, వాటన్నిటినీ తెల్లపాకం చుట్టూ పెట్టి, పైన గులాబీ పొర చుడితే తొడంత లావు ముద్ద అవుతుంది. ఆ ముద్దని దొర్లిస్తూ సన్నగా లాగుతూపోతే అక్షరాలు కూడా సన్నబడుతూ కర్ర ఈ చివరనుంచి ఆ చివరదాకా అలాగే ఉంటాయి. ఇదంతా చేత్తోనే, చాలా ఏళ్ళు నేర్చుకుంటే గానీ రాదు.

గాడిదల సవారీ ఆటు టైమ్‌లోనే, ఇసక ఉంటేనే కదా. జోస్యం సంగతి మీ ఇష్టం. మా అత్తయ్య అడిగింది గానీ ఇంగ్లిష్‌లో చెప్పే జాతకం మీద తనకే నమ్మకం కుదరలేదు.

ట్రామ్ ఎక్కి ఊరి బయటికి వెళ్ళండి

ఇది చాలామంది వదిలేసే భాగం. 1885 సెప్టెంబర్లో ఇక్కడ కరెంటు ట్రామ్ మొదలైంది. మొదట్లో కరెంటు రోడ్డులో చేసిన కాలవలోంచి అందేది, సముద్రం పక్కన ఇసకా ఉప్పునీళ్ళూ ఆ కాలవలో చేరి నానా తిప్పలు పెట్టాయి, చివరికి 1899లో పైన తీగలు కట్టారు. మిగతా ఊళ్ళన్నీ బస్సులొచ్చాక ట్రాములు పీకేసినా ఇక్కడ మాత్రం వదల్లేదు. డే టికెట్ తీసుకోండి, లోపలికి కండక్టర్ వస్తాడు, ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు.

నార్త్ పియర్ దగ్గర, ఉత్తరాన ఉన్న ఫ్లీట్‌వుడ్ అనే ఊరి వైపు వెళ్ళేది ఎక్కి, సముద్రం వైపు, అంటే ఎడమపక్క కూర్చోండి. దాదాపు 40 నిమిషాలు. చివర్లో ట్రామ్ ఆ ఊరి వీధుల్లోకి దూరి మామూలు ఇళ్ళ మధ్యలో నిలబడ్డ పెద్ద దీపస్తంభం పక్కనుంచి వెళ్తుంది. ఆ లైట్‌హౌస్ 1840 నాటిది, డెసిమస్ బర్టన్ కట్టాడు, ఊరి ప్లాన్ కూడా ఆయనదే. సముద్రం ఒడ్డున నార్త్ యూస్టన్ అని ఓ హోటల్ కనబడుతుంది. లండన్‌లోని యూస్టన్ పేరు ఇక్కడెందుకంటే, అప్పట్లో స్కాట్లండ్ దాకా పట్టాలు లేవు, లండన్‌లో రైలెక్కినవాళ్ళు ఇక్కడ దిగి రాత్రికి పడుకుని స్టీమర్ ఎక్కేవాళ్ళు. కొండల మీదుగా లైను పడ్డాక ఆ స్టీమర్ల పని అయిపోయింది. ఆకాశం బాగుంటే ఒడ్డున నిలబడితే అవతల లేక్ డిస్ట్రిక్ట్ కొండలు కనబడతాయి. ఓ గంట చాలు, టీ తాగి వెనక్కి రండి.

ప్లెజర్ బీచ్: ఇదే రోజు కలపకండి

దక్షిణం చివర ఉన్న రైడ్‌ల పార్కు ఒక రోజంతా తినేస్తుంది, డబ్బులు కూడా. వెళ్తే దానికోసమే విడిగా వెళ్ళండి, టికెట్లు గేటు దగ్గర కాకుండా ముందే ఆన్‌లైన్లో కొనండి, గాలి రోజున ఎత్తు రైడ్‌లు ఆగుతాయని గుర్తుంచుకోండి. 1994లో వచ్చినప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన రోలర్ కోస్టర్ అయిన బిగ్ వన్ గురించి అందరూ చెబుతారు. నాకు నచ్చేవి పాతవి. 1904 నాటి ఫ్లయింగ్ మెషీన్ ఇప్పటికీ తిరుగుతోంది, మాక్సిమ్ మెషిన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్‌గారే దాన్నీ చేశారు. 1935 నాటి గ్రాండ్ నేషనల్ అనే చెక్క కోస్టర్ మీద రెండు బళ్ళు పక్కపక్కన పందెం వేసుకుంటాయి. కుడిపక్క ప్లాట్‌ఫారమ్ మీద ఎక్కినవాళ్ళు తిరిగొచ్చి ఎడమపక్క దిగుతారు, ఎందుకంటే అవి నిజానికి రెండు పట్టాలు కావు, మెలితిరిగిన ఒకటే పట్టా. దిగాక ఆ సంగతి కాగితం మీద బొమ్మ గీసుకుని చూస్తే గానీ నాకు బుర్రకెక్కలేదు.

పొద్దుగూకాక వెళ్ళిపోకండి

మన కోస్తావాళ్ళకి సముద్రం అంటే పొద్దున్నే సూర్యుడు లేచే చోటు. ఇక్కడ సాయంత్రం నీళ్ళల్లోకి దిగుతాడు. ఆటు టైమ్ అయితే తడి ఇసకంతా అద్దంలా మెరుస్తుంది, టవర్ అందులో తలకిందులుగా కనబడుతుంది. ప్రామెనేడ్ మెట్ల మీద ఓ అరగంట కూర్చోండి.

తర్వాత దీపాలు. 1879లో ఎనిమిది ఆర్క్ దీపాలు వీధిలో వెలిగించారు, అప్పటికింకా ఎడిసన్ బల్బుకి పేటెంట్ రాలేదు. ఇప్పుడు దక్షిణాన స్టార్ గేట్ నుంచి ఉత్తరాన బిస్పమ్ దాకా ఆరు మైళ్ళు. టికెట్ లేదు, ఉచితం. కార్లలో వచ్చినవాళ్ళు నత్తనడకన గంటలు గంటలు పాకుతుంటారు, మీరు మాత్రం ట్రామ్‌లో బిస్పమ్ వెళ్ళి దిగి, దక్షిణం వైపు నడుచుకుంటూ రండి. కదిలే పెద్ద పెద్ద దీపాల బొమ్మలన్నీ ఉండేది ఆ ఉత్తరం కొసనే, టవర్ దగ్గర చూసి ఇంతేలే అని వెళ్ళిపోయేవాళ్ళకి అవి కనబడవు. కాళ్ళు నొప్పెడితే దగ్గర్లోని స్టాపులో ట్రామ్ ఎక్కెయ్యొచ్చు, రాత్రిపూట జనం ఎక్కువ కాబట్టి ఆలస్యంగా నడుస్తాయి, కాస్త ముందే చూసుకోండి.

రాత్రి ఉండిపోవాలనుకుంటే పిల్లలున్నవాళ్ళు నార్త్ షోర్ వైపు గది తీసుకోండి. వారాంతాల్లో ఊరి నడిబొడ్డున పెళ్ళికి ముందు పార్టీలు చేసుకునే గుంపులు తెల్లారేదాకా పాడుతూనే ఉంటాయి, వాళ్ళ తిరనాళ్ళు వాళ్ళవి. "సీ వ్యూ" అని రాసున్న గదికి ఎక్కువ డబ్బిచ్చే ముందు ఫొటో అడగండి, ఒకచోట మాకు ఆ వ్యూ బాత్రూమ్ కిటికీలోంచి, అదీ మంచం అంచు మీద నిలబడి మెడ తిప్పితేనే కనబడింది.

వెనక్కి వెళ్ళేవాళ్ళయితే నార్త్ స్టేషన్ నుంచి ఆఖరి రైలు ఎప్పుడో పొద్దున దిగగానే ఫొటో తీసి పెట్టుకోండి, వారాంతాల్లో పట్టాల పనులుంటే రైలు బదులు బస్సు పెడతారు. షాపులు మూసేలోపు ఆఫీసువాళ్ళకి రాక్ కర్రలు కొనుక్కోవడం మర్చిపోకండి. ఇంటికొచ్చాక దాన్ని నేరుగా కొరక్కండి, పన్ను విరుగుతుంది, తువ్వాల్లో చుట్టి రోకలితో రెండు దెబ్బలు వెయ్యండి.